టీవీకి ఒకటి, బాక్సుకు ఒకటి, స్పీకర్లకు ఒకటి: ఇంట్లోని రిమోట్లను ఒక దారికి తేవడం ఎలా?

సూరత్: ఇంట్లో టీవీ ఒక్కటే. దాని ముందున్న బల్లపై రిమోట్లు మాత్రం మూడు, నాలుగు. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది మరొకటి, సౌండ్‌బార్‌ది లేదా హోమ్ థియేటర్‌ది ఇంకొకటి, ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపే స్టిక్‌ది వేరొకటి. వీటిలో ఏదో ఒకదానిపై పొరపాటున ఒక బటన్ నొక్కితే చాలు, తెరపై ‘నో సిగ్నల్’ అన్న రెండు మాటలే మిగులుతాయి. పిల్లలు బడికి, పెద్దలు పనికి వెళ్లిన ఇంట్లో ఒంటరిగా ఉన్న వృద్ధులకు ఆ రోజు టీవీ లేనట్టే. నిజానికి అలాంటి సందర్భాల్లో చాలావరకు ఏ పరికరమూ చెడిపోయి ఉండదు. ఒకటి వెలుగుతూ, మరొకటి నిద్రలో ఉండటమే కారణం.

గుజరాత్‌లోని వస్త్ర నగరం సూరత్‌లో నివసించే తెలుగువారికి ఈ సమస్య ఇంకొంచెం బరువైనది. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి మరమగ్గాల పనిలో స్థిరపడిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా తదితర ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. వీధిలో గుజరాతీ, హిందీ వినిపించే నగరంలో తెలుగు వార్తలు, సినిమాలు, భక్తి కార్యక్రమాలు ఇంటిలోని పెద్దలకు చేరే ముఖ్యమైన దారి టీవీయే. తెరపై కనిపించే సూచనలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే, రిమోట్‌లో తలెత్తిన చిన్న చిక్కు కూడా ఆ దారిని మూసివేస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారం మరో కొత్త రిమోట్ కొనడం కాదు. ఏ రిమోట్ ఏ పరికరంతో ఎలా మాట్లాడుతుందో తెలుసుకుని, ఏ పనికి ఏది వాడాలో ముందుగా తేల్చుకోవడమే అసలు పరిష్కారం.

రెండో రిమోట్ ఎప్పుడు వచ్చింది?

కేబుల్ తీగను నేరుగా టీవీ వెనుక బిగించిన రోజుల్లో ఒక్క రిమోట్‌తోనే పని జరిగేది. కేబుల్ ప్రసారాల డిజిటలీకరణతో ఆ పరిస్థితి మారింది. తొలి దశలో నాలుగు మహానగరాల తరువాత, రెండో దశలో 38 నగరాలకు 2013 మార్చి 31ని గడువుగా నిర్ణయించారు. సూరత్‌తో పాటు హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటి నుంచి కేబుల్ చందాదారులకు సెట్‌టాప్ బాక్సు, దానితో పాటు రెండో రిమోట్ తప్పనిసరి అయ్యాయి. డీటీహెచ్ చందాదారుల ఇళ్లలో అంతకు ముందే ఈ జంట రిమోట్లు ఉన్నాయి. టీవీలు పలచబడిన కొద్దీ వాటి స్పీకర్లు చిన్నవై సౌండ్‌బార్ వచ్చింది. ఇంటర్నెట్ చౌకయ్యాక స్టిక్ వచ్చింది. ప్రతి పరికరం తన రిమోట్‌ను వెంట తెచ్చుకుంది.

రిమోట్ పంపేది ఏమిటి?

ఎక్కువ రిమోట్లు కంటికి కనిపించని పరారుణ కాంతితో పని చేస్తాయి. రిమోట్ ముందు భాగంలోని చిన్న ఎల్‌ఈడీ దీపం సాధారణంగా 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని వెదజల్లుతుంది. గదిలోని సూర్యకాంతి, దీపాల కాంతి నుంచి దీన్ని వేరు చేసి గుర్తించేందుకు ఆ కాంతిని సెకనుకు సుమారు 38 వేల సార్లు ఆర్పి వెలిగిస్తారు. పరికరంలోని గ్రాహకం ఆ లయలో వచ్చే కాంతిని మాత్రమే పట్టించుకుంటుంది.

ఆ లయపై ఒక సంఖ్య ప్రయాణిస్తుంది. విస్తృతంగా వాడుకలో ఉన్న ఎన్‌ఈసీ పద్ధతిలో బటన్ నొక్కగానే మొదట 9 మిల్లీసెకన్ల పిలుపు వెళుతుంది. తరువాత 32 బిట్ల సందేశం వెళుతుంది. అందులో మొదటి సగం పరికరం చిరునామా, రెండో సగం చేయవలసిన పని. ప్రతి సంఖ్యనూ ఒకసారి నేరుగా, మరోసారి తలకిందులుగా పంపుతారు. రెండూ సరిపోలితేనే పరికరం స్పందిస్తుంది. ఫిలిప్స్ రూపొందించిన ఆర్‌సీ-5 పద్ధతిలో 14 బిట్లు, 36 కిలోహెర్ట్జ్‌ల లయ ఉంటాయి. సోనీ పద్ధతి లయ 40 కిలోహెర్ట్జ్‌లు.

ఒక కంపెనీ రిమోట్ మరో కంపెనీ టీవీని కదిలించలేకపోవడానికి కారణం ఇదే. కాంతి ఒకటే అయినా భాష వేరు, చిరునామా వేరు. ‘యూనివర్సల్’ రిమోట్ అంటే ఇలాంటి అనేక భాషలను జ్ఞాపకంలో ఉంచుకున్న రిమోట్ అని అర్థం.

కొత్త స్మార్ట్ టీవీలు, స్టిక్‌ల రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో పని చేస్తాయి. ఇవి రేడియో తరంగాలు. అడ్డుగా ఉన్న చెక్క తలుపునూ దాటి వెళతాయి, పరికరం వైపు చూపించవలసిన అవసరం లేదు. అయితే రిమోట్‌కూ పరికరానికీ ముందుగా జత కలపాలి. జత తెగిపోతే కొత్త సెల్లు వేసినా ఫలితం ఉండదు. కొన్ని రిమోట్లలో రెండు పద్ధతులూ ఉంటాయి. పవర్ బటన్ పరారుణ కాంతితో, మాటలు వినే మైకు బటన్ బ్లూటూత్‌తో పని చేస్తాయి. బజారులో కొన్న నకలు రిమోట్‌తో టీవీ వెలిగినా మైకు పని చేయకపోవడానికి తరచుగా ఇదే కారణం.

మొదటి పని: కాగితంపై పటం

సెట్టింగుల జోలికి వెళ్లే ముందు ఒక కాగితంపై మూడు విషయాలు రాసుకోవాలి. ఏ పరికరం టీవీలోని ఏ పోర్టుకు కలిసి ఉంది? శబ్దం చివరకు ఎక్కడి నుంచి వస్తోంది, టీవీ నుంచా, సౌండ్‌బార్ నుంచా? ఛానళ్లు మారేది ఏ పరికరంలో?

ఈ మూడింటికీ సమాధానాలు దొరికితే ఏ రిమోట్‌కు ఏ పని అప్పగించాలో తేలిపోతుంది. ఉదాహరణకు సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ 1కి, స్టిక్ హెచ్‌డీఎంఐ 2కి కలిసి ఉంటే, ‘సోర్స్’ లేదా ‘ఇన్‌పుట్’ బటన్ నొక్కినప్పుడు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. చాలా టీవీల్లో పోర్టు పేరును మార్చుకునే వీలుంది. ‘హెచ్‌డీఎంఐ 1’కు బదులు ‘కేబుల్’ అన్న పేరు కనిపిస్తే వృద్ధులకు సులువు.

శబ్దం విషయంలో ఒక నియమం పాటించాలి. బాక్సుకూ టీవీకీ విడివిడిగా వాల్యూమ్ ఉన్నప్పుడు, బాక్సు వాల్యూమ్‌ను గరిష్ఠానికి దగ్గరగా ఉంచి వదిలేసి, టీవీ లేదా సౌండ్‌బార్ వాల్యూమ్‌నే రోజూ మార్చుకోవాలి. రెండింటినీ మారుస్తూ పోతే, ఒకటి తగ్గి ఉన్న సంగతి తెలియక రెండోదాన్ని పూర్తిగా పెంచవలసి వస్తుంది. అప్పుడు మాటలతో పాటు రొద కూడా పెరుగుతుంది.

తీగలోనే దాగిన సదుపాయం

రూపాయి ఖర్చు లేని మార్గం హెచ్‌డీఎంఐ తీగలోనే ఉంది. ఆ తీగలోని 19 పిన్నులలో 13వది చిత్రం కోసమో శబ్దం కోసమో కాదు. పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకోవడానికే దాన్ని కేటాయించారు. ఈ ఏర్పాటు పేరు సీఈసీ. కంపెనీలు దీన్ని సొంత పేర్లతో పిలవడం వల్ల చాలామంది గుర్తించరు. శాంసంగ్‌లో ‘ఎనీనెట్ ప్లస్’, ఎల్‌జీలో ‘సింప్‌లింక్’, సోనీలో ‘బ్రావియా సింక్’, పానసోనిక్‌లో ‘వియెరా లింక్’, ఫిలిప్స్‌లో ‘ఈజీలింక్’ అన్నీ ఇదే.

టీవీ సెట్టింగుల్లో దీన్ని ఆన్ చేయాలి. కలిపిన పరికరంలోనూ ఆన్ చేయాలి. ఒకవైపు మాత్రమే చేస్తే ప్రయోజనం లేదు. రెండువైపులా పూర్తయ్యాక స్టిక్ రిమోట్‌పై హోమ్ బటన్ నొక్కితే టీవీ కూడా మేలుకుని, సరైన పోర్టుకు తానే మారుతుంది. టీవీని ఆపితే మిగిలినవీ ఆగుతాయి.

సౌండ్‌బార్ ఉన్నవారు టీవీ వెనుక ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసి ఉన్న పోర్టునే వాడాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణంతో ఈ సదుపాయం మొదలైంది. టీవీ శబ్దాన్ని అదే తీగ ద్వారా వెనక్కి సౌండ్‌బార్‌కు పంపుతుంది. టీవీలో శబ్దం వెళ్లే మార్గాన్ని ‘టీవీ స్పీకర్’ నుంచి ‘ఏఆర్‌సీ’కి మార్చితే, టీవీ రిమోట్‌లోని వాల్యూమ్ బటనే సౌండ్‌బార్‌ను నడుపుతుంది. అన్ని సెట్‌టాప్ బాక్సుల్లో సీఈసీ ఉండదు. ఎరుపు, తెలుపు, పసుపు మొనల పాత తీగలతో కలిపిన పరికరాలకు ఇది వర్తించదు. అలాంటివారికి రెండో మార్గం ఉంది.

రిమోట్‌కు రిమోట్ నేర్పడం

మన దేశంలో కేబుల్, డీటీహెచ్ బాక్సులతో వచ్చే అనేక రిమోట్లపై ‘టీవీ’ అని రాసిన ప్రత్యేక భాగంలో నాలుగైదు బటన్లు ఉంటాయి. వాటి కోసం కేటాయించిన ‘సెట్’ బటన్ కూడా దగ్గరలోనే కనిపిస్తుంది. ఆ బటన్లు మొదట ఖాళీగా ఉంటాయి. టీవీ రిమోట్ సంకేతాలను వాటికి నేర్పవచ్చు.

మోడల్‌ను బట్టి స్వల్ప తేడాలున్నా క్రమం ఇంచుమించు ఒకటే. ‘సెట్’ బటన్‌ను చిన్న ఎర్ర దీపం నిలకడగా వెలిగే వరకు నొక్కి ఉంచాలి. నేర్పవలసిన బటన్‌ను, ఉదాహరణకు టీవీ పవర్‌ను, ఒకసారి నొక్కాలి. రెండు రిమోట్ల ముందు భాగాలను ఎదురెదురుగా రెండు మూడు అంగుళాల దూరంలో బల్లపై ఉంచి, టీవీ రిమోట్‌పై అదే బటన్ నొక్కాలి. దీపం మినుకుమంటే సంకేతం అందినట్టు. అదే విధంగా వాల్యూమ్, సోర్స్ బటన్లు పూర్తి చేసి, చివరగా ‘సెట్’ నొక్కి భద్రపరచాలి. ట్యూబ్‌లైట్ కింద, ఎండ పడే కిటికీ పక్కన ఈ పని చేయకపోవడం మంచిది. రెండు రిమోట్లలోనూ కొత్త సెల్లు ఉండాలి. బలహీనమైన సంకేతాన్ని నేర్చుకున్న రిమోట్ ఆ తప్పునే మళ్లీ మళ్లీ పలుకుతుంది.

ఈ పద్ధతి పరారుణ రిమోట్లకే వర్తిస్తుంది. బ్లూటూత్ సంకేతాన్ని ఇలా నేర్పడం సాధ్యం కాదు. అసలు టీవీ రిమోట్ పోయినవారికీ ఇది పనికిరాదు, ఎందుకంటే నేర్పేవారే లేరు. వారు యూనివర్సల్ రిమోట్‌తో వచ్చే పట్టికలో తమ టీవీ కంపెనీ సంఖ్యను వెతికి నమోదు చేయాలి. ఒక కంపెనీకి పదుల సంఖ్యలో కోడ్‌లు ఉండవచ్చు. పవర్ పని చేసినంత మాత్రాన సరైన కోడ్ దొరికినట్టు కాదు. వాల్యూమ్, సోర్స్, మెనూ కూడా పని చేస్తేనే దాన్ని ఖరారు చేయాలి. పరారుణ దీపం ఉన్న మొబైల్ ఫోన్లు కూడా తాత్కాలికంగా ఈ పని చేయగలవు.

స్టిక్ వాడేవారు దాని రిమోట్‌నే ప్రధానంగా ఎంచుకోవచ్చు. ఫైర్ టీవీలో ‘ఎక్విప్‌మెంట్ కంట్రోల్’ అనే సెట్టింగులో టీవీ, సౌండ్‌బార్ కంపెనీల పేర్లు ఎంచుకుంటే పవర్, వాల్యూమ్ బటన్లు వాటికీ పని చేస్తాయి. జత తెగినప్పుడు హోమ్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి ఉంచి తిరిగి కలపవచ్చు.

ఒకే పవర్ బటన్‌తో వచ్చే తిరకాసు

ఒక రిమోట్‌తో అన్నింటినీ వెలిగించే ఏర్పాటు చేశాక కూడా ‘నో సిగ్నల్’ తిరిగి రావచ్చు. కారణం పవర్ బటన్ స్వభావంలోనే ఉంది. చాలా రిమోట్లలో వెలిగించడానికీ ఆర్పడానికీ ఒకటే సంకేతం. ఆ సంకేతానికి ‘వెలుగు’ అని గానీ ‘ఆరు’ అని గానీ అర్థం లేదు. ‘ఇప్పుడున్న స్థితి మార్చు’ అనే అర్థం మాత్రమే ఉంది. టీవీ ఆగి, బాక్సు వెలుగుతూ ఉన్నప్పుడు రెండింటికీ ఆ సంకేతం అందితే టీవీ వెలుగుతుంది, బాక్సు ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే వరుస తలకిందులవుతుంది. ఎన్నిసార్లు నొక్కినా రెండూ కలిసి వెలగవు.

దీనికి విరుగుడు సులువు. బాక్సు ముందున్న దీపం రంగు చూసి, ఆగి ఉంటే దాన్ని మాత్రమే దాని సొంత రిమోట్‌తో వెలిగించాలి. టీవీ రిమోట్‌ను ముట్టుకోకూడదు. సీఈసీలో ఈ తిరకాసు అంతగా తలెత్తదు, ఎందుకంటే అందులో మేల్కొలపడానికి ఒక ఆదేశం, నిద్రపుచ్చడానికి మరో ఆదేశం విడిగా ఉన్నాయి.

పని చేయని రిమోట్‌ను పరీక్షించడం

మొబైల్ కెమెరాను రిమోట్ ముందు దీపం వైపు తిప్పి బటన్ నొక్కితే, తెరపై తెల్లగా లేదా ఊదా రంగులో మెరుపు కనిపిస్తుంది. కెమెరా పరారుణ కాంతిని కొంతవరకు చూడగలదు. కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలకు దాన్ని అడ్డుకునే పొర ఉంటుంది కనుక ముందు కెమెరాతోనూ చూడాలి. మెరుపు ఉంటే రిమోట్ సంకేతం పంపుతున్నట్టే. అప్పుడు లోపాన్ని టీవీ గ్రాహకానికి అడ్డుగా ఉన్న వస్తువులో, ఎదురుగా పడే వెలుతురులో వెతకాలి. ఒకే ఒక్క బటన్‌కు మెరుపు లేకపోతే దాని కింది రబ్బరు అరిగినట్టు.

సముద్ర తీరానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లో వర్షాకాలపు తేమకు సెల్లు పెట్టే చోట లోహపు స్ప్రింగులు చిలుము పట్టడం సహజం. విశాఖ, కాకినాడ వంటి తీర నగరాలదీ ఇదే పరిస్థితి. పొడి గుడ్డతో లేదా పెన్సిల్ రబ్బరుతో రుద్దితే తిరిగి స్పర్శ కుదురుతుంది. పాత సెల్లు ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకూడదు. చాలాకాలం వాడని రిమోట్ నుంచి సెల్లు తీసి ఉంచాలి, లేకపోతే కారి లోపలి భాగాలను తినేస్తాయి.

రెండు ప్రమాదాలు

మొదటిది పసిపిల్లలకు సంబంధించినది. పలచని చిన్న రిమోట్లలో నాణెం ఆకారపు లిథియం సెల్లు వాడతారు. పిల్లలు దాన్ని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ రిమోట్ల మూతకు మర ఉందా, అది గట్టిగా బిగించి ఉందా అని ఈరోజే చూసుకోవడం అవసరం.

రెండోది డబ్బుకు సంబంధించినది. టీవీ ఆగిపోగానే ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్’ నంబరు వెతికి ఫోన్ చేసేవారిని మోసగాళ్లు లక్ష్యంగా చేసుకుంటున్నారు. సమస్య సరిచేస్తామని చెప్పి, ఫోన్ తెరను దూరం నుంచి చూసే యాప్ వేయించి, ఖాతాలోని సొమ్ము కాజేస్తారు. బిల్లుపై లేదా బాక్సుపై ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి. రిమోట్ బాగు చేయడానికి ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ ఎవరికీ అవసరం ఉండదు. మోసపోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి.

ఒక్క రిమోట్ రోజు వస్తుందా?

ఈ దిశగా నియంత్రణ సంస్థలు కొన్ని అడుగులు వేశాయి. ఏ కంపెనీ సెట్‌టాప్ బాక్సైనా మరో కంపెనీ సేవలకు పనికొచ్చేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. ఉపగ్రహ ప్రసారాలను అందుకునే ట్యూనర్ టీవీలోనే అమర్చడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 ప్రమాణాన్ని ప్రచురించింది. ఇలాంటి టీవీకి డిష్ యాంటెన్నా కలిపితే దూరదర్శన్‌తో సహా ఉచిత ఛానళ్లు వేరే బాక్సు లేకుండానే వస్తాయి, వాటికి టీవీ రిమోట్ ఒక్కటే చాలు. చందా ఛానళ్లకు మాత్రం బాక్సు అవసరం తీరలేదు.

అంతవరకు చేయగలిగిన పని ఒకటుంది. అన్నీ కుదిరిన తరువాత రోజూ వాడే రిమోట్‌ను మాత్రమే బల్లపై ఉంచి, మిగిలినవి విడిగా భద్రపరచాలి. అవసరం లేని బటన్లపై చిన్న టేపు ముక్క అతికించవచ్చు. టీవీ వెలిగించడం, ఛానల్ మార్చడం, శబ్దం తగ్గించడం, ‘నో సిగ్నల్’ వస్తే చేయవలసింది, ఈ నాలుగింటినీ పెద్ద తెలుగు అక్షరాలతో ఒక అట్టపై రాసి టీవీ పక్కన ఉంచాలి. చివరగా, ఏర్పాటు చేసినవారు పక్కన కూర్చుని, ఇంట్లోని పెద్దల చేతనే మొదటి నుంచి చివరి వరకు ఒకసారి చేయించాలి. వారు ఎవరినీ పిలవకుండా తమకు కావలసిన ఛానల్‌కు చేరగలిగితే రిమోట్ సరిగా కుదిరినట్టే.